దవడలో నల్లమచ్చ: ఒకరు రూట్ కెనాల్ అన్నారు, ఒకరు దవడ కోయాలన్నారు, ఎవరి మాట వినాలి?

ఒంగోలు_టీచరమ్మ
నాకు 34 ఏళ్లు. ఎడమవైపు కింది దవడలో చివరి పన్ను వెనక నుంచి నాలుగు నెలలుగా ఏదో ఉప్పగా ఊరుతోంది. నొప్పి పెద్దగా లేదు. మొదట చూపించుకున్న చోట చిన్న ఎక్స్‌రే తీసి, వేరు చివర చీము పట్టిందని చివరి పన్నుకు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. రెండు నెలలైనా ఆ ఊట ఆగలేదు. ఇంకో చోటికి వెళ్తే దవడ మొత్తం కనపడే ఓపీజీ తీశారు. చివరి పన్ను దగ్గర మొదలై చెవి వైపు ఎక్కుతూ పొడుగ్గా నల్లమచ్చ. నేనేదో బఠాణీ గింజంత ఉంటుందనుకున్నా, చూస్తే చింతకాయంత ఉంది. ఐదు సెంటీమీటర్లకు దగ్గరగా.

ఆయన "అమిలోబ్లాస్టోమా (పంటి కణాల నుంచి పుట్టే గడ్డ) కావచ్చు, కెరటోసిస్ట్ (తిరగబెట్టే గుణమున్న ఒక రకం సిస్ట్, అంటే ఎముకలో పొర కట్టిన సంచి) కావచ్చు, ఏదైనా ఆ ముక్క కోసేసి కాలి ఎముక పెట్టాలి" అన్నారు. మూడో ఆయన ఫోన్‌లో ఫొటో చూసి "సిస్టే, గీకేస్తే పోతుంది, ఎల్లుండి వచ్చేయండి" అన్నారు. అయితే పెదవి తిమ్మిరెక్కవచ్చని కూడా ఒక మాట అన్నారు.

నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. పెదవి పనిచేయకపోతే ప ఫ బ భ మ ఎలా పలకాలి? ఇంట్లో అందరికీ టెన్షన్. మా ఆయన పరీక్షలయ్యేదాకా ఆగుదామంటున్నారు. ఎవరికైనా ఇలాంటిది వచ్చిందా?

వేపపుల్ల
ఆపరేషన్ జోలికి పోకండి. లవంగ నూనె, పసుపు, ఉప్పునీళ్లు పుక్కిలించడం. మా మామయ్యకు దవడ వాపు పదిరోజుల్లో తగ్గింది.

పెరుగన్నం_ఆవకాయ
చింతకాయంత మచ్చకు లవంగ నూనె చాలదన్నా, పులుసు పెట్టాల్సిందే.

నెల్లూరు_పంటి_డాక్టర్
టీచర్ గారూ, ఒక్క ప్రశ్న. రూట్ కెనాల్ చేసే ముందు ఆ పంటి మీద చల్లటిది ఏదైనా పెట్టి చూశారా? ఐస్ ముక్క, చల్లటి స్ప్రే, లేదా కరెంటు పరికరం ఆనించి జివ్వుమంటోందా అని అడగడం?

ఒంగోలు_టీచరమ్మ
లేదండీ. ఎక్స్‌రే చూశారు, మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, మొదలుపెట్టేశారు. ఆ పన్ను అంతకుముందు ఎప్పుడూ నొప్పి పెట్టలేదు, పుచ్చు కూడా లేదు.

నెల్లూరు_పంటి_డాక్టర్
అదే నా అనుమానం. పుచ్చు లేని, బతికున్న పన్ను వేరు దగ్గర మచ్చ కనిపిస్తే దానికి కారణం ఆ పన్ను కాకపోవచ్చు. దవడలో మామూలుగా వచ్చే సిస్టుల్లో ఎక్కువ శాతం చచ్చిపోయిన పంటి వేరు కొస నుంచి వచ్చేవే. వాటికి రూట్ కెనాల్ సరైన వైద్యమే, చిన్నవి దాంతోనే మానిపోతాయి. పన్ను బతికే ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది. రెండు నిమిషాల పరీక్ష అది. చేయకపోవడం వల్ల మీకు రెండు నెలలు, ఒక మంచి పన్ను, డబ్బు పోయాయి. నా వృత్తి వాళ్ల గురించే రాయడానికి నాకూ సంతోషంగా లేదు.

@వేపపుల్ల: మీ మామయ్య వాపు తగ్గడం నిజమే కావచ్చు. లోపల సిస్ట్‌కు చీము పడితే వాపు వస్తుంది, చీము కారిపోతే వాపు పోతుంది. సిస్ట్ అక్కడే ఉంటుంది. ఆయనకు ఒక ఓపీజీ తీయించండి, నా మాట వినండి.

ముందుపళ్ల_సుబ్బు
పైన డాక్టర్ గారు చెప్పింది నా కథే. నాకు పై వరసలో రెండు ముందుపళ్ల మధ్య నల్లమచ్చ, అంగిలి ముందు భాగంలో చిన్న ఉబ్బు, నోట్లో ఉప్పటి రుచి. రెండు పళ్లకూ రూట్ కెనాల్ చేశారు. ఏడాది తర్వాత మచ్చ ఇంకా పెద్దదైంది. చివరికి ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఒక పీజీ అమ్మాయి ఎక్స్‌రే ఎత్తి పట్టుకుని చూసి "ఇది హృదయం ఆకారంలో ఉంది సర్, నేసోపాలటైన్ డక్ట్ సిస్ట్" అంది. ముక్కుకూ నోటికీ మధ్య పిండ దశలో ఉండే నాళం మిగిలిపోయి దాన్నుంచి వస్తుందట. పళ్లకు ఏ సంబంధమూ లేదు. ముక్కు కింద ఉండే చిన్న ఎముక ముల్లు నీడ మచ్చ మీద పడటం వల్ల హృదయంలా కనిపిస్తుందట. అంగిలి వైపు నుంచి తీసేశారు, ఆరేళ్లయింది, మళ్లీ రాలేదు.

పెరుగన్నం_ఆవకాయ
ముందుపళ్ల వెనక హృదయం దాచుకున్న మొదటి మనిషివి సుబ్బన్నా.

కత్తీ_కుట్టూ
నేను నోటి, దవడ శస్త్రచికిత్స చేసేవాణ్ని. ఫొటో చూడకుండా రోగం పేరు చెప్పను, చూసినా ఒక్క ఫొటోతో చెప్పను. టీచర్ గారికి చెప్పిన ముగ్గురిలో ఎవరి మాట నిజమైనా కావచ్చు, ముగ్గురూ పద్ధతి మాత్రం పాటించలేదు. ఐదు సెంటీమీటర్ల మచ్చకు ముక్క పరీక్ష (బయాప్సీ) లేకుండా దవడ కోయడం ఎంత తప్పో, ముక్క పరీక్ష లేకుండా గీకేయడమూ అంతే తప్పు.

వరస ఇదీ. ముందు సీబీసీటీ స్కాన్, అంటే దవడను అన్ని వైపుల నుంచీ చూపించే సీటీ. ఓపీజీ అంటే దవడను చాప పరిచినట్టు చూపించే బొమ్మ, మందం తెలియదు. స్కాన్‌లో నాలుక వైపు, బుగ్గ వైపు ఎముక గోడ ఎంత మిగిలింది, నరం ఎటు ఒత్తుకుపోయింది తెలుస్తుంది. తర్వాత లావు సూదితో లోపల ఏముందో లాగి చూడాలి. గడ్డి రంగు నీళ్లు వస్తే ఒక దారి, చిక్కటి మీగడలాంటిది వస్తే ఇంకో దారి. గాలి తప్ప ఏమీ రాకపోతే ఖాళీ గుంత కావచ్చు, గట్టి కణితీ కావచ్చు. సూదిలోకి రక్తం పొంగుకొస్తే అక్కడే ఆగిపోవాలి. అది రక్తనాళాల గడ్డ అయితే తెరిచిన క్షణంలో టేబుల్ మీద ప్రాణాపాయం. అందుకే సూది పెట్టకుండా దవడ తెరవకూడదని మాకు మొదటి ఏడాదే తలకెక్కిస్తారు. ఆ తర్వాత చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు.

దవడ ఉబ్బకుండా ఎముక పొడవునా లోలోపలే పాకడం కెరటోసిస్ట్ స్వభావం. మీరు చింతకాయ అన్నారు చూడండి, సరిగ్గా ఆ ఆకారమే. అమిలోబ్లాస్టోమా ఎక్కువగా దవడను బయటికి ఉబ్బిస్తుంది, పళ్ల వేర్లను తినేస్తుంది. ఇవి లక్షణాలే, తీర్పు కాదు.

ఇక ప ఫ బ భ మ సంగతి. కింది దవడలో పోయే నరం స్పర్శ తెలిపే నరం. పెదవిని కదిలించే నరం వేరు, అది ఎముక బయట ముఖ కండరాల వైపు పోతుంది. కింది నరం దెబ్బతింటే పెదవి, గడ్డం తిమ్మిరిగా ఉంటాయి కానీ పెదవులు కలుస్తాయి. మీ పవర్గానికి ఢోకా లేదు.

ఒంగోలు_టీచరమ్మ
ఈ చివరి నాలుగు వాక్యాలు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అమ్మ ఏడుపు ఆపింది.

డాలస్_బాబాయ్
నాకు 52. ఇక్కడ మామూలు చెకప్‌లో ఓపీజీ తీస్తే కింది దవడ మూల దగ్గర గుండ్రంగా, అంచులు గీత గీసినట్టు నల్లమచ్చ. ఆమె సర్జన్ దగ్గరికి పంపింది. నేను వీలునామా గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. సర్జన్ చూసి నవ్వి, ఇది సిస్టే కాదన్నాడు. స్టాఫ్నే గుంత అంటారట. దవడ లోపలి వైపు ఎముకలో సొట్ట, అందులో లాలాజల గ్రంథి కొంచెం కూర్చుని ఉంటుంది. 1942లో ఎడ్వర్డ్ స్టాఫ్నే అనే ఆయన 35 మందిలో చూసి రాశాడట. ఏమీ చేయక్కర్లేదు. టీచరమ్మా, నీదీ అదేనేమో, ఆపరేషన్‌కు తొందరపడకు తల్లీ.

కత్తీ_కుట్టూ
బాబాయ్ గారూ, మీది నరం గొట్టానికి కింద ఉండి ఉంటుంది. స్టాఫ్నే గుంత దాదాపు ఎప్పుడూ అక్కడే, ఎక్కువగా మగవాళ్లలో. పంటి కణాల నుంచి పుట్టేవి నరానికి పైన, పళ్లున్న వైపు ఉంటాయి. టీచర్ గారిది పంటి దగ్గర మొదలై పైకి ఎక్కింది, పైగా ఊట కూడా ఉంది. పోలిక కుదరదు. మీ కథ చెప్పడం మంచిదే, కోయకూడనివి కూడా ఉంటాయని జనానికి తెలియాలి.

బ్రేసుల_అమ్మ
కోయకూడనిది అంటే గుర్తొచ్చింది. మా వాడికి 15 ఏళ్లప్పుడు పళ్లకు క్లిప్పులు వేయించడానికి ఎక్స్‌రే తీస్తే కింది దవడలో పళ్ల వేర్ల మధ్యలోకి అలలు అలలుగా చొచ్చుకెళ్లిన మచ్చ. పళ్లన్నీ బతికే ఉన్నాయి, నొప్పి లేదు. తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు! పొర లేదు, గడ్డ లేదు, వట్టి గుంత. సర్జన్ గోడలు కొంచెం గీరి రక్తం ఊరనిచ్చి కుట్టేశారు. ఆ రక్తం గడ్డకట్టి అదే ఎముకగా మారుతుందన్నారు. ఏడాదికి సగానికి పైగా నిండింది. సింపుల్ బోన్ సిస్ట్ అని రాశారు. మా వాడు ఇప్పటికీ "నా దవడలో గాలి ఉండేది" అని గొప్పలు చెప్పుకుంటాడు.

మూడుసార్లు_కోయించుకున్నా
అందరూ హాయిగా కథలు చెప్తున్నారు. నాది వినండి. 2009లో కెరటోసిస్ట్. గీకేశారు, పోయిందన్నారు. 2012లో మళ్లీ. మళ్లీ గీకారు. 2018లో మళ్లీ, ఈసారి రెండు చోట్ల. మూడోసారి ఎముక గోడ కూడా అరగదీసి ఏదో మందు పూశారు. టీచరమ్మా, సగం సగం వైద్యం వద్దు. ఒక్కసారే కోయించుకుని పీడ వదిలించుకో.

కాలిఎముక_దవడ
ఆ "ఒక్కసారే కోయించుకో" అనేది నేను చేశాను, అందుకే రాస్తున్నా. నాది అమిలోబ్లాస్టోమా, నాకు వేరే దారి లేదు. మోకాలి కింద పక్కనుండే సన్నటి ఎముక తీసి దవడలో పెట్టారు. పది గంటల ఆపరేషన్, పన్నెండు రోజులు ఆసుపత్రి. ఏడేళ్లయింది, జబ్బు తిరిగి రాలేదు, బాగానే ఉన్నాను. అయినా ఆ వైపు పళ్లు పెట్టించుకోవడానికే రెండేళ్లు పట్టింది, జంతికలు ఇప్పటికీ కుడివైపే. మెట్లు దిగేటప్పుడు చాలా కాలం మడమ దగ్గర పట్టేసేది. ముక్క పరీక్షలో తక్కువ తీవ్రత ఉన్నది వస్తే నా దారి పట్టకండి.

వేపపుల్ల
ముక్క పరీక్ష, ముక్క పరీక్ష అంటున్నారు. కత్తి తగిలితే గడ్డ పాకుతుందని అందరికీ తెలుసు.

స్లయిడ్_కింద
అందరికీ తెలిసినవన్నీ నిజాలైతే నాకు ఉద్యోగం ఉండేది కాదు. నేను ఓరల్ పెథాలజిస్టుని, సర్జన్లు తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద చూసి పేరు పెట్టేది మేమే. దవడ సిస్ట్ నుంచి చిన్న ముక్క తీస్తే అది పాకదు. తీయకుండా గీకేస్తే మాత్రం ఏం తీశారో, ఎంత తీయాలో తెలియకుండానే తీసినట్టు.

కెరటోసిస్ట్ గోడ చాలా పలచన, ఆరు నుంచి ఎనిమిది వరసల కణాలు, అడుగు వరసలో కణాలు కంచె పాతినట్టు నిలబడి ఉంటాయి, పై అంచు ముడతలు ముడతలుగా. చూడటానికి అందంగానే ఉంటుంది. తడిసిన అప్పడంలా చిరిగిపోతుంది, అదే సర్జన్లకు తలనొప్పి. చిరిగిన పొర ఒక్క తునక ఎముకలో మిగిలినా మళ్లీ మొలుస్తుంది. గోడలో పిల్ల సిస్టులు కూడా ఉంటాయి. మూడుసార్లు అన్న గారికి జరిగింది అదే అయి ఉంటుంది.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. చీము పట్టిన చోట నుంచి ముక్క తీస్తే ఈ గుర్తులన్నీ చెరిగిపోతాయి, మామూలు సిస్టులా కనిపిస్తుంది. ఒక్క గదిలా ఉండే అమిలోబ్లాస్టోమా కూడా చిన్న ముక్కలో దొరక్కపోవచ్చు. అందుకని టీచర్ గారూ, రిపోర్టులో "ఇన్‌ఫ్లేమ్డ్ సిస్ట్" (వాచిన సిస్ట్) అని మాత్రమే వస్తే సంబరపడి ఆగిపోవద్దు. తర్వాత ఆపరేషన్‌లో తీసిన మొత్తం కూడా ల్యాబ్‌కు వెళ్లాలి. స్లయిడ్లు, ముక్కను నిలవ ఉంచే మైనం దిమ్మ మీరే అడిగి తీసుకుని ఇంట్లో దాచండి. ఐదేళ్ల తర్వాత వేరే ఊళ్లో ఎవరైనా అడిగితే పనికొస్తాయి.

మూడుసార్లు_కోయించుకున్నా
నా మొదటి రిపోర్టులో కెరటోసిస్ట్ అని, రెండోదాంట్లో ఏదో ట్యూమర్ అని, మూడోదాంట్లో మళ్లీ సిస్ట్ అని ఉంది. ట్యూమర్ అన్న మాట చూసి ఆ ఏడాది పొలం అమ్మేద్దామనుకున్నాం. ఇంతకీ ఏది నిజం?

స్లయిడ్_కింద
మూడూ ఒకటే జబ్బు. పేరుతో ఆడుకున్నది మేమే, క్షమించండి. 1956లో ఫిలిప్సెన్ కెరటోసిస్ట్ అని పేరు పెట్టారు. తిరగబెట్టే గుణం, పీటీసీహెచ్1 అనే జన్యువులో మార్పులు చూసి 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ట్యూమర్ల జాబితాలో చేర్చింది. 2017లో సాక్ష్యం చాలదని మళ్లీ సిస్ట్ అన్నారు. మధ్యలో వచ్చిన రిపోర్టులన్నీ జనాన్ని భయపెట్టాయి. నా సొంత అభిప్రాయం అడిగితే 2005లో ఆ తొందర అక్కర్లేదు. కొందరు ప్రొఫెసర్లు ఈ మాటకు నన్ను కొడతారు.

పెరుగన్నం_ఆవకాయ
పార్టీ మారి మళ్లీ సొంత గూటికి వచ్చిన సిస్ట్ అన్నమాట.

ఒంగోలు_టీచరమ్మ
అప్‌డేట్. మీరు చెప్పినట్టే ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్లాను. మొదటి రోజే ఐస్ పరీక్ష చేశారు, రూట్ కెనాల్ అయిన దాని పక్క పన్ను జివ్వుమంది. స్కాన్ బయట తీయించాం, మూడు వేలు. నాలుక వైపు ఎముక ఒక చోట కాగితంలా పలచబడింది, చివరి పన్ను వెనక చిల్లు పడింది, నరం కిందికి ఒత్తుకుపోయింది. సూది పెడితే లేత పసుపు రంగులో చిక్కగా వచ్చింది, నాకైతే విరిగిన పాలు గుర్తొచ్చాయి. ముక్క పరీక్ష రిపోర్టు పదకొండు రోజులకు వచ్చింది: పారాకెరటినైజ్డ్ ఓడోంటోజెనిక్ కెరటోసిస్ట్, అంటే మీరంతా చెప్తున్న కెరటోసిస్టే. కేన్సర్ కాదు.

ఇప్పుడు వాళ్లు వెంటనే తీయం అంటున్నారు. చిన్న కిటికీ కోసి గొట్టం పెట్టి, నన్ను రోజూ సెలైన్‌తో కడుక్కోమంటున్నారు, ఎనిమిది తొమ్మిది నెలలు! తర్వాత మిగిలింది తీస్తారట. ఇదేం వైద్యమండీ?

మూడుసార్లు_కోయించుకున్నా
చెప్పానా, సగం వైద్యం. తొమ్మిది నెలలు గొట్టంతో తిరగడం ఏంటి?

కత్తీ_కుట్టూ
అన్నా, మీ బాధ నాకు అర్థమైంది కానీ ఇక్కడ నేను ఒప్పుకోను. మీకు జరిగింది ఉత్త గీకుడు, రెండుసార్లు. దానికీ దీనికీ తేడా ఉంది.

సిస్ట్ లోపల ఒత్తిడి ఉంటుంది, అదే ఎముకను నెడుతూ పెరిగేలా చేస్తుంది. కిటికీ పెట్టి ఒత్తిడి తీసేస్తే చుట్టూ కొత్త ఎముక పడుతుంది, సిస్ట్ కుంచించుకుపోతుంది, నరానికి దూరంగా జరుగుతుంది. అప్పడంలా ఉన్న పొర కూడా మందంగా, నోటి చర్మంలా మారుతుంది, చిరక్కుండా వస్తుంది. అప్పుడు చిన్న ఆపరేషన్‌తో మిగిలింది తీసి, ఎముక గోడను డ్రిల్‌తో ఒక పొర అరగదీస్తారు. చాలామంది కార్నాయ్ ద్రావణం కూడా పూస్తారు. ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం, ఫెర్రిక్ క్లోరైడ్ కలిపింది, మిగిలిన కణాలను కాల్చేస్తుంది. పాత ఫార్ములాలో క్లోరోఫామ్ ఉండేది, కేన్సర్ భయంతో ఇప్పుడు అది లేకుండా వాడుతున్నారు. నరానికి తగలకుండా, కొద్ది నిమిషాలే ఉంచి కడిగేయాలి. కొన్నిచోట్ల దాని బదులు ఫైవ్ ఎఫ్‌యూ అనే కేన్సర్ మందు పూత పెడుతున్నారు. టీచర్ గారికి ఎముకకు చిల్లు పడిన చోట పైనున్న చిగురు చర్మం కూడా కలిపి తీస్తారు, అక్కడ కణాలు దాక్కుంటాయి.

దవడ ముక్క కోసేస్తే తిరగబెట్టడం దాదాపు ఉండదు, నిజం. 34 ఏళ్ల మనిషికి ప్రాణాంతకం కాని జబ్బుకు ఆ మూల్యం ఎక్కువని నా మాట. పైన కాలిఎముక గారు చెప్పింది మళ్లీ చదవండి.

మూడుసార్లు_కోయించుకున్నా
మీరు డాక్టర్లు, మీరే గెలుస్తారు. పదేళ్ల తర్వాత వచ్చి అడుగుతా.

కత్తీ_కుట్టూ
అడగండి. పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టినవి ఉన్నాయి. ఆపరేషన్ ఏది చేసినా ఎక్స్‌రేకు రమ్మని చెప్పేది అందుకే. మొదటి ఐదేళ్లు మరీ జాగ్రత్త.

నెల్లూరు_పంటి_డాక్టర్
ఈ కిటికీ పద్ధతి కొత్తదేం కాదు టీచర్ గారూ. జర్మనీలో పార్ట్ష్ 1892లోనే రాశాడు. సిస్ట్ అంచును నోటి చర్మానికి కుట్టి సంచిలా తెరిచి ఉంచితే దాన్ని మార్సూపియలైజేషన్ అంటారు, కంగారూ సంచి పేరు మీద పెట్టిన పేరు. గొట్టం పెట్టడం దాని తమ్ముడు.

పెరుగన్నం_ఆవకాయ
కంగారు పడకండి టీచరమ్మా, కంగారూ సంచే.

చేతిలో_చుక్కలు
మా పాపకు 11 ఏళ్లు. ఈ పోస్టులు చదువుతుంటే భయమేస్తోంది. పై దవడలో ఒకటి, కింద రెండు సిస్టులు ఉన్నాయన్నారు. అన్నీ కెరటోసిస్టులే అని రిపోర్టు. అరచేతుల్లో సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు ఉన్నాయి, పుట్టినప్పటి నుంచీ ఉన్నాయనుకుని పట్టించుకోలేదు. డాక్టర్ గారు ఛాతీ ఎక్స్‌రే ఎందుకు రాశారో అర్థం కాలేదు. పళ్లకూ ఛాతీకీ ఏం సంబంధం?

స్లయిడ్_కింద
అమ్మా, ఆ డాక్టర్ గారు బాగా ఆలోచించారు. చిన్న వయసులో ఒకటి కంటే ఎక్కువ కెరటోసిస్టులుంటే గార్లిన్-గోల్ట్జ్ సిండ్రోమ్ కోసం వెతకాలి. 1960లో ఆ ఇద్దరు డాక్టర్లు వివరించారు. పక్కటెముక చివర చీలి రెండుగా ఉండటం ఒక గుర్తు, ఛాతీ ఎక్స్‌రే అందుకే. అరచేతి గుంటలు ఇంకో గుర్తు. ఈ జబ్బున్నవాళ్లకు చర్మం మీద బేసల్ సెల్ కేన్సర్లు వచ్చే వీలుంది, మన రంగు చర్మంలో తక్కువే అయినా చర్మం డాక్టర్‌కు ఏటా చూపించాలి. రేడియేషన్ వైద్యం వీళ్లకు మంచిది కాదు, అనవసర సీటీలు కూడా తగ్గించుకోవాలి, ఈ మాట ప్రతి డాక్టర్‌కూ ముందే చెప్పండి. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అసలు కుటుంబంలో ఎవరికీ లేకుండా కొత్తగా కూడా రావచ్చు. మీ ఇద్దరి అరచేతులూ ఒకసారి వెలుతురులో చూసుకోండి.

చేతిలో_చుక్కలు
ఇప్పుడే చూశాం. మా ఆయన చేతుల్లో ఉన్నాయి. ఆయనకు పాతికేళ్ల వయసులో దవడ ఆపరేషన్ ఒకటి అయింది, పంటి గడ్డ అనుకున్నారు.

కత్తీ_కుట్టూ
ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆయన పాత కాగితాలు ఉంటే వెతకండి. మెసేజ్ పెట్టండి, దగ్గర్లో జెనెటిక్స్ విభాగం ఎక్కడుందో కనుక్కుని చెప్తాను.

ఒంగోలు_టీచరమ్మ
నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చాను. గొట్టం బతుకు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. పెట్టేటప్పుడు నొప్పి లేదు. మొదటి వారం వాసన. సిరంజితో రోజుకు రెండుసార్లు సెలైన్ కొట్టాలి, మొన లేని వంకర సూది ఇస్తారు. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో తిన్నాక తప్పకుండా కడుక్కోవాలి, గోంగూరలో మిరప గింజ ఒకసారి లోపలికి పోయింది, పరలోకం కనిపించింది. ఒకసారి గొట్టం ఊడి చేతిలోకొచ్చింది, అదే రోజు వెళ్లి కుట్టించుకున్నా. ఆలస్యం చేస్తే చిల్లు మూసుకుపోతుందట.

మూడో నెల ఎక్స్‌రేలో అంచుల్లో బూడిద రంగు కనిపిస్తోంది. కొత్త ఎముకట.

నెల్లూరు_పంటి_డాక్టర్
మిరప గింజ మాట మా పేషెంట్లందరికీ చెప్తాను, నా సలహా కంటే బాగా పనిచేస్తుంది.

వేపపుల్ల
మామయ్యకు ఓపీజీ తీయించాం. కింద చివరి జ్ఞానదంతం ఎముకలోనే పడుకుని ఉంది, దాని తలకాయ చుట్టూ సంచిలా ఉందన్నారు. డెంటిజెరస్ సిస్ట్ అట. వచ్చే వారం తీస్తారు. ఏమీ అనకండి.

పెరుగన్నం_ఆవకాయ
ఏమీ అనట్లేదన్నా. లవంగ నూనె వాసనకి మాట రావట్లేదు.

ఒంగోలు_టీచరమ్మ
ఆపరేషన్ అయింది. తొమ్మిది నెలలకు ఐదు సెంటీమీటర్లది రెండుకు దిగింది. మూడు గంటలు పట్టింది, పూర్తి మత్తులో. పొర ఒకే ముక్కగా వచ్చిందని సర్జన్ మేడమ్ ఫొటో చూపించారు, నా కంటే ఆమెకే ఎక్కువ సంతోషం. ఎముక అరగదీశారు, మందు పూశారు. చివరి పన్ను తీసేయాల్సి వచ్చింది. అంటే రూట్ కెనాల్‌కూ క్యాప్‌కూ పెట్టిన డబ్బు పంటితో పాటే ట్రేలోకి. రిపోర్టు మళ్లీ అదే పేరు, పొర చాలా చోట్ల మారిందని కూడా రాశారు. స్లయిడ్లు, మైనం దిమ్మ అడిగి తెచ్చుకున్నా, బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి.

మొదటి ఏడాది మూడుసార్లు, తర్వాత ఆరు నెలలకోసారి రమ్మన్నారు.

మూడుసార్లు_కోయించుకున్నా
తేదీలు క్యాలెండర్లో ఇప్పుడే రాసి పెట్టుకోమ్మా. నేను రెండోసారి వెళ్లడం మానేశాను, అందుకే మూడోది అంత పెద్దదైంది. ఇది ముందు చెప్పలేదు.

స్లయిడ్_కింద
పెదవి ఎలా ఉంది?

ఒంగోలు_టీచరమ్మ
ఎడమవైపు గడ్డం, కింది పెదవి సగం తిమ్మిరి. ఇప్పుడిప్పుడే చీమలు పాకుతున్నట్టు ఉంది, అది మంచి గుర్తేనన్నారు. పవర్గం చక్కగా పలుకుతోంది, సోమవారం నుంచి క్లాసులో పద్యం చెప్తున్నా. మధ్యాహ్నం పెదవి మీద మెతుకు అంటుకుంటే మాత్రం నాకు తెలియట్లేదు. తొమ్మిదో తరగతి ముందు బెంచీ పిల్ల ఒకతె నోరు విప్పకుండా తన గడ్డం మీద వేలు పెట్టి చూపిస్తుంది, నేను తుడుచుకుంటాను.